వైకల్యం ఉన్న విద్యార్థులు కాలేజీలో ఏం అడగొచ్చు, ఎలా అడగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ అయిపోయి డిగ్రీకో ఇంజినీరింగ్‌కో వచ్చే వైకల్యం ఉన్న విద్యార్థులూ, వాళ్ల అమ్మానాన్నలూ అడ్మిషన్ల సీజన్‌లో అడిగే ప్రశ్నలివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీలను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ రాసినవాటిలో చాలావరకు చట్టం ఇచ్చినవే, ఎవరి దయా అక్కర్లేదు. కానీ అడగకుండా ఏదీ చేతికి రాదు. అందుకే అడగండి, కాగితం మీద అడగండి, పరీక్షలు నెత్తిమీదకు రాకముందే అడగండి.

నా సమస్య పైకి కనిపించదు. నేనూ ఈ లెక్కలోకి వస్తానా?

వచ్చే అవకాశం ఎక్కువే. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 21 రకాలున్నాయి. చూపు, వినికిడి, కాళ్లూచేతులకు సంబంధించినవే కాదు, ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, మానసిక అనారోగ్యం, మల్టిపుల్ స్క్లెరోసిస్, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ జబ్బు, యాసిడ్ దాడి వల్ల కలిగిన వైకల్యం కూడా అందులో ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే పిల్లల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు కనిపిస్తారు. నెలలో కొన్ని రోజులు నొప్పులతో మంచం మీదే ఉంటారు కానీ, తాము ఈ చట్టం కిందికి వస్తామని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

సీటు రిజర్వేషన్‌కూ చాలా స్కాలర్‌షిప్‌లకూ కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. క్లాసులో, పరీక్షలో కావాల్సిన వెసులుబాటుకు మాత్రం 40 శాతమే గీత కాదు. దాని గురించి కింద వివరంగా రాశాను.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉంది. కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు కూడా కావాలా?

కావాలి. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లకు, జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షలకు యూడీఐడీ నంబరే అడుగుతున్నారు. స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. చేతకాకపోతే మీసేవకో సచివాలయానికో వెళ్లండి. రెండు విషయాలు మాత్రం ఇవాళే చూసుకోండి. మొదటిది, మీ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, సర్టిఫికెట్‌లో ఒకేలా ఉన్నాయా? స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఒక్క అక్షరం తేడాకు కూడా ఆగిపోతాయి. రెండోది, మీ సర్టిఫికెట్ శాశ్వతమా, తాత్కాలికమా? తాత్కాలికమైతే గడువు తేదీ ఉంటుంది. అది సెమిస్టర్ మధ్యలో ముగిసేటట్టుంటే సెలవుల్లోనే మళ్లీ సదరం క్యాంపుకు వెళ్లిరండి.

అడ్మిషన్‌లో రిజర్వేషన్ ఎంత?

ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే సంస్థలు 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలి. వయసు పరిమితిలో ఐదేళ్ల సడలింపు కూడా ఉంది. ఇది చట్టంలోని 32వ సెక్షన్. పాత చట్టంలో 3 శాతమే ఉండేది. ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీకి ఈ సెక్షన్ వర్తించదు.

ఈఏపీసెట్ లాంటి కౌన్సెలింగ్‌లో ప్రత్యేక కేటగిరీ సర్టిఫికెట్లను అన్ని హెల్ప్‌లైన్ కేంద్రాల్లోనూ చూడరు. దానికి వేరే కేంద్రం, వేరే తేదీలు ప్రకటిస్తారు. ఆ తేదీ దాటితే మీ ర్యాంకు మామూలు లెక్కలోకి వెళ్లిపోతుంది. నోటిఫికేషన్‌లో ఆ పేరా వెతికి చదవండి. ఐఐటీల్లో అయితే వైకల్యం ఉన్న బీటెక్ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మినహాయిస్తారు.

మా అమ్మాయికి చూపు లేదు. సైన్సు వద్దు, ఆర్ట్స్‌లో చేర్పించండి అంటున్నారు. ఏం చేయాలి?

ఆ అమ్మాయికి ఏది ఇష్టమో ముందు అది అడగండి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వడం కుదరదన్నారు. ఆయన న్యాయపోరాటం చేసి సీటు తెచ్చుకున్నారు, మంచి మార్కులతో పాసయ్యారు, అమెరికాలోని ఎంఐటీలో చదువుకుని వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ల్యాబ్‌లో సహాయకుడు, చేత్తో తడిమి చూసే బొమ్మలు, స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవగలిగే పుస్తకాలు ఉంటే చాలా సబ్జెక్టులు చదవొచ్చు. "మీవల్ల కాదు" అనే ముందు కాలేజీ ఈ మూడూ సమకూర్చి చూడాలి.

మెడిసిన్ విషయంలోనూ 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది. వైకల్యం శాతం ఇంత ఉంది కాబట్టి అనర్హుడు అనేస్తే కుదరదని, ఆ అభ్యర్థి చదువు కొనసాగించగలడా లేదా అన్నది మెడికల్ బోర్డు పరిశీలించి చెప్పాలని తీర్పునిచ్చింది.

కాలేజీలో చేరాక మొదట ఎవరిని కలవాలి?

సమాన అవకాశాల విభాగం ఉంటే దాన్ని. చాలాచోట్ల ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ అంటారు. ప్రభుత్వ సంస్థల్లో ఫిర్యాదుల పరిష్కార అధికారిని కూడా నియమించాలని చట్టం చెబుతోంది. ఈ రెండు పేర్లూ ఎవరికీ తెలియకపోతే నేరుగా ప్రిన్సిపాల్‌కు రాయండి.

ఉత్తరం పెద్దగా అక్కర్లేదు. మీ పేరు, రోల్ నంబరు, వైకల్యం, సర్టిఫికెట్ నంబరు రాసి, కావాల్సినవి ఒక్కొక్కటీ విడివిడిగా రాయండి. "తగిన సహాయం చేయగలరు" అని ముగిస్తే ఎవరూ ఏమీ చేయరు. "నాకు ఎడమ చెవి పూర్తిగా వినపడదు. క్లాసులో కుడివైపు వినపడేలా ముందు బెంచీలో చోటు కావాలి. లెక్చరర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడినప్పుడు పెదవులు కనిపించవు కాబట్టి నోట్స్ ముందుగా ఇప్పించాలి" అని రాస్తే ఎవరు ఏం చేయాలో తేలిపోతుంది. రెండు కాపీలు తీసుకెళ్లి ఇన్‌వార్డ్‌లో, అంటే ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే చోట ఇవ్వండి. మీ కాపీ మీద సీలు, తేదీ, నంబరు వేయించుకోండి. రేపు ఏ ఆఫీసుకు వెళ్లినా ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

నా వైకల్యం గురించి క్లాసులో అందరికీ చెప్పాలా?

అవసరం లేదు. వెసులుబాటు ఇవ్వాల్సినవాళ్లకు తెలిస్తే చాలు. మీ సర్టిఫికెట్‌ను క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టమని ఎవరైనా అడిగితే పెట్టకండి.

పరీక్షలో స్క్రైబ్‌ను (మనం చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని) ఎలా తెచ్చుకోవాలి? అదనపు సమయం ఎంత?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ గొడవ జరిగేదీ ఇక్కడే. ఇక్కడ రాసినవి 2018 ఆగస్టు 29న కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోవి, తర్వాత ఏమైనా మారాయేమో చూసుకోండి. మీ యూనివర్సిటీ ఎగ్జామ్స్ బ్రాంచికి సొంత ఫారం, సొంత గడువు ఉంటాయి. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే అడిగి తీసుకోండి.

చూపు లేనివాళ్లు, రెండు చేతులూ పనిచేయనివాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు కోరితే స్క్రైబ్‌ను ఇవ్వాలి. మిగతా వైకల్యాలవాళ్లు తాము రాయలేమని ప్రభుత్వ ఆస్పత్రి సూపరింటెండెంట్ స్థాయి డాక్టరు దగ్గర నిర్ణీత ఫారంలో రాయించుకుని రావాలి. సదరం సర్టిఫికెట్ ఉంది కదా అని ఈ కాగితం లేకుండా వెళ్తే వెనక్కి పంపుతారు. స్క్రైబ్‌ను మీరే తెచ్చుకుంటే వాళ్ల చదువు మీకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. కాలేజీ ఇచ్చే మనిషైతే పరీక్షకు రెండు రోజుల ముందే కలిసి, మీకు సరిపడతారో లేదో చూసుకునే అవకాశం ఇవ్వాలి. లాంగ్వేజ్ పేపర్లకు వేరే స్క్రైబ్‌ను పెట్టుకోవచ్చు. ఆఖరి నిమిషంలో ఒకరు రాలేకపోతే ఇంకొకరిని అనుమతించే వీలు కూడా అందులో ఉంది.

అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. అంటే మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు. స్క్రైబ్‌ను తీసుకోకుండా సొంతంగా రాసే, కనీసం 40 శాతం వైకల్యం ఉన్న విద్యార్థికి కూడా ఈ సమయం వర్తిస్తుంది. ఇది చాలామంది ఇన్విజిలేటర్లకు తెలియదు.

ఇక అసలు పని సాధన. చెప్పి రాయించడం, రాయడం కంటే వేరే విద్య. లెక్కల పేపరు అయితే "ఎక్స్ ప్లస్ వన్ బై టూ" అని చెప్పారనుకోండి, స్క్రైబ్ ఒక్క వన్ కిందే గీత గీసి టూ వేయొచ్చు, మొత్తం ఎక్స్ ప్లస్ వన్ కింద గీయొచ్చు. రెండిటికీ జవాబు వేరు. "బ్రాకెట్ మొదలు, ఎక్స్ ప్లస్ వన్, బ్రాకెట్ ముగింపు, మొత్తం బై టూ" అని చెప్పడం ఇద్దరికీ అలవాటవ్వాలి. ఎక్కడ పేరా మార్చాలో, ఏ మాట కింద గీత గీయాలో, రాసింది ఎప్పుడు తిరిగి చదివి వినిపించాలో ముందే మాట్లాడుకోండి. కనీసం రెండు పాత పేపర్లు గడియారం పెట్టుకుని పూర్తిగా రాయించండి. జూనియర్లలో ఓపికగల ఒకరిని మొదటి సెమిస్టర్ నుంచే చూసిపెట్టుకోవడం మేలు. మీకోసం నాలుగు గంటలు కూర్చునే ఆ మనిషికి కాలేజీ నుంచి ఒక ప్రశంసాపత్రమైనా ఇప్పించమని అడగండి.

నాకు సర్టిఫికెట్‌లో 40 శాతం లేదు. చెయ్యి మాత్రం వేగంగా రాయదు. స్క్రైబ్ రాడా?

వచ్చే దారి ఉంది. చేతిరాతకు అడ్డుపడే నరాల సమస్య ఉన్న వికాస్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థికి యూపీఎస్సీ స్క్రైబ్‌ను నిరాకరిస్తే, 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పునిచ్చింది. రాయలేని ఇబ్బంది ఉన్నప్పుడు 40 శాతం గీత పట్టుకుని వేలాడకూడదని స్పష్టం చేసింది. దాన్ని అనుసరించి 2022 ఆగస్టు 10న కేంద్రం 40 శాతం లోపు వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది పడేవాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ వైద్యుల కమిటీ నుంచి నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ కావాలి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ ఫారం ప్రింటు తీసుకునే వెళ్లండి. డాక్టర్ల దగ్గర అది ఉంటుందన్న నమ్మకం లేదు.

పరీక్ష హాల్లో "అదనపు సమయం లేదు, పేపరు ఇచ్చేయ్" అంటే?

గొంతు పెంచకుండా చీఫ్ సూపరింటెండెంట్‌ను పిలిపించమని అడగండి. అనుమతి ఉత్తరం కాపీ, మార్గదర్శకాల కాపీ హాల్‌టికెట్‌తోపాటే పెట్టుకుని వెళ్లండి. అప్పటికీ కాదంటే అదే రోజు సాయంత్రంలోగా పరీక్షల విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏ సమయానికి పేపరు లాక్కున్నారో అందులో ఉండాలి. డిస్‌గ్రాఫియా (చేతిరాతకు అడ్డుపడే సమస్య) ఉన్న అవనీ ప్రకాశ్ అనే విద్యార్థినికి నీట్‌లో రావాల్సిన అదనపు గంట ఇవ్వనందుకు 2021 నవంబరులో సుప్రీంకోర్టు ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏను తప్పుపట్టింది, ఆమెకు జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దుతారో తేల్చమని ఆదేశించింది. మీ ఫిర్యాదులో ఆ తీర్పును ప్రస్తావించండి.

స్క్రీన్ రీడర్ ఉంది కానీ తెలుగు మీడియం పుస్తకాలు చదవడం లేదు. ఎందుకు?

తప్పు స్క్రీన్ రీడర్‌ది కాదు. తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు రెండు రకాలు. ఒకటి, పుస్తకాన్ని ఫొటోలు తీసి అతికించింది. అందులో కంప్యూటర్‌కు బొమ్మే తప్ప అక్షరం కనిపించదు. రెండోది, అను ఫాంట్లలాంటి పాత ఫాంట్లలో డీటీపీ చేసింది. కంటికి చక్కని తెలుగులా కనిపిస్తుంది, లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలు. అందుకే స్క్రీన్ రీడర్ "డాలర్, స్టార్, బ్రాకెట్" అంటూ అర్థంపర్థం లేకుండా చదువుతుంది. పరీక్షించడం తేలిక. ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగు తెలుగులాగే వస్తే అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా, ఫోనైనా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి), స్క్రీన్ రీడర్ చదువుతుంది. గజిబిజిగా వస్తే పాత ఫాంటు.

బొమ్మల పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు చాలావరకు సరిగ్గానే వస్తాయి. వత్తుల దగ్గర, అంకెల దగ్గర పొరపాట్లుంటాయి కాబట్టి చూపున్న స్నేహితుడు ఒకసారి సరిచూడాలి. పాత ఫాంటు ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అన్నిటికన్నా మంచి దారి, మీ లెక్చరర్‌ను నోట్స్ వర్డ్ ఫైలుగా, యూనికోడ్‌లో ఇవ్వమని అడగడం. ఫోన్లో టైప్ చేసినా అది యూనికోడే.

కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, ఈస్పీక్ గొంతుతో తెలుగు చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది. 2016 ఆగస్టులో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో సభ్యులైతే అచ్చు చదవలేనివాళ్లకు అనువైన పుస్తకాలు దొరుకుతాయి. ఇలా పుస్తకాన్ని మార్చుకోవడం కాపీరైటు నేరమేమో అని లైబ్రరీలు భయపడుతుంటాయి. 2012 సవరణతో కాపీరైటు చట్టమే వైకల్యం ఉన్నవాళ్ల కోసం లాభాపేక్ష లేకుండా చేసే ఈ పనికి మినహాయింపు ఇచ్చింది. ఈ అవసరం కోసమే పుట్టిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. లైబ్రేరియన్ గారికి ఈ మాట చెప్పండి.

కంప్యూటర్ శిక్షణ, మొబిలిటీ (సొంతంగా తిరగడం) శిక్షణ కావాలంటే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి పునరావాస విభాగంలో వాకబు చేయండి.

వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఏం దొరుకుతుంది?

నిజం చెప్పాలంటే మన కాలేజీల్లో బాగా వెనకబడి ఉన్నది ఇక్కడే. సంజ్ఞా భాష దుబాసీలు కొద్దిమందే ఉన్నారు, ఒక్క విద్యార్థి కోసం కాలేజీలు పిలిపించవు. అడగడం మాత్రం మానకండి. వైవా, సెమినార్, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ లాంటి ముఖ్యమైన రోజులకైనా దుబాసీని ఏర్పాటు చేయమని రాయండి. రోజువారీ క్లాసులకు గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగు మాటల్ని ఫోన్ తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. లెక్చరర్ మైకు పెట్టుకుంటే దాని పనితీరు బాగా మెరుగుపడుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పరీక్షలకు, వినికిడి యంత్రాలకు అక్కడ సంప్రదించొచ్చు.

నేను వీల్‌చైర్ వాడతాను. క్లాసు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు.

లిఫ్టు కట్టేదాకా ఆగాల్సిన పనిలేదు. క్లాసునే కిందికి దించమనండి. టైంటేబుల్‌లో గది నంబరు మార్చడానికి రూపాయి ఖర్చు కాదు. నలుగురు స్నేహితులు కుర్చీతో సహా ఎత్తుకుని పైకి తీసుకెళ్లడం మన దగ్గర మామూలైపోయింది. వాళ్ల మంచితనం గొప్పదే, కానీ అది ఏర్పాటు కాదు. జారిపడితే ప్రమాదం, పైగా ఆ పిల్లవాడు టాయిలెట్‌కు వెళ్లాలన్నా నలుగురి కోసం చూడాలి. నీళ్లు తాగడం మానేసి సాయంత్రం దాకా కూర్చునే విద్యార్థులు ఉన్నారు.

చేరేముందే క్యాంపస్ చూసిరండి. ర్యాంపు ఉందా అని ఒక్కటే అడక్కండి, దాని వాలు చూడండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. టాయిలెట్ తలుపులో కుర్చీ పడుతుందా, లోపల తిప్పుకోవడానికి చోటుందా, లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్ మెస్, ఎగ్జామ్స్ బ్రాంచి ఏ అంతస్తులో ఉన్నాయి, ఇవన్నీ కుర్చీలో వెళ్లే చూడండి.

2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, అందరికీ అందుబాటు అన్నది సలహాల స్థాయిలో ఉంటే చాలదని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక తయారుచేసింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. యూజీసీ కూడా ఉన్నత విద్యాసంస్థల కోసం 2022లో ప్రమాణాలు ప్రకటించింది.

రక్తం ఎక్కించుకోవడానికి వెళ్లాలి, అటెండెన్స్ పోతోంది. ఏం చేయాలి?

తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నవాళ్లకూ, మానసిక చికిత్సలో ఉన్నవాళ్లకూ ర్యాంపు కంటే పెద్ద సమస్య ఇది. సాధారణంగా 75 శాతం హాజరు కావాలి. 65 దాకా తగ్గితే కండోనేషన్ ఫీజుతో (హాజరు లోటును మాఫీ చేయడానికి కట్టేది) కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. సెమిస్టర్ చివర్లో మెడికల్ సర్టిఫికెట్లు ఒక్కసారిగా కుప్పపోస్తే అనుమానంగా చూస్తారు. మొదట్లోనే డాక్టరు దగ్గర "ఇన్ని వారాలకోసారి ఆస్పత్రికి రావాలి" అని రాయించి ఇవ్వండి, వెళ్లిన ప్రతిసారీ చీటీ జతచేయండి. చట్టం చెప్పే సముచిత వెసులుబాటు కింద ఫీజు లేకుండా మినహాయింపు అడగండి.

మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు.

స్కాలర్‌షిప్‌లు?

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. ఐఐటీ, ఎన్ఐటీ లాంటి ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవాళ్లకు టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న డిగ్రీ, డిప్లొమా కోర్సులవాళ్లు సక్షమ్ అనే స్కాలర్‌షిప్ చూడండి. ఏడాదికి 50 వేలు, ఆదాయ పరిమితి 8 లక్షలు. కాలేజీలో చాలామంది క్లర్కులకు దీని పేరే తెలియదు. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్‌లో వేరే దరఖాస్తు. ల్యాప్‌టాప్, మూడు చక్రాల మోటారు వాహనం లాంటివి రెండు రాష్ట్రాల్లోనూ సంక్షేమ కార్పొరేషన్లు నోటిఫికేషన్ వేసినప్పుడు ఇస్తాయి. జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కుంటూ ఉండాలి.

బస్సు, రైలు?

ఆర్టీసీ బస్సుల్లో రాయితీ ఉంది. రైల్వే రాయితీకి వేరే ఫారం, ప్రభుత్వ డాక్టరు సంతకం కావాలి. సదరం చూపిస్తే టికెట్ తగ్గించరు.

తోటివాళ్లు పేర్లు పెట్టి హేళన చేస్తున్నారు. సర్దుకుపోవాలా?

వద్దు. నలుగురిలో అవమానించాలనే ఉద్దేశంతో వైకల్యం ఉన్న వ్యక్తిని కించపరిస్తే దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. ర్యాగింగ్ నిరోధక కమిటీకి కూడా వెళ్లొచ్చు. లెక్చరర్ అన్నా సరే ఇదే చట్టం.

కాలేజీ అసలు పట్టించుకోకపోతే ఎవరికి చెప్పాలి?

మీ ఉత్తరానికి సహేతుకమైన గడువులో జవాబు రాకపోతే యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, అక్కడా కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. కేంద్ర సంస్థల్లో చదివేవాళ్లు ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు రాయాలి. కమిషనర్‌కు సాక్షుల్ని పిలిపించడం, రికార్డులు తెప్పించడం లాంటి విషయాల్లో సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. లాయరు అక్కర్లేదు, తెలుగులో తెల్లకాగితం మీద రాసినా సరిపోతుంది. ఇన్‌వార్డ్ సీలున్న మీ ఉత్తరం, వైకల్య సర్టిఫికెట్, కాలేజీ గుర్తింపు కార్డు నకళ్లు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు జాగ్రత్త చేయండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా పడుతుందని 89వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ నంబరును మీ ఫిర్యాదు చివరి పేరాలో రాయండి.